రాని బండికి పచ్చజెండా

దిగ్లీపూర్ రైల్వే స్టేషన్: చరిత్ర, ప్రయాణికులకు అందుతున్న సేవలు. ఇదీ విషయం. చరిత్ర లేదు. సేవలు లేవు. వ్యాసం అయిపోయింది.

ఆగండాగండి. అంత తేలిగ్గా వదిలేయదగ్గ స్టేషన్ కాదిది. బండి ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాని స్టేషన్ దేశంలో ఇంకోటి చూపించండి. టికెట్ లేకుండా ఎక్కి పట్టుబడినవాడు ఇక్కడ ఒక్కడూ లేడు. పట్టాలు తప్పిన బోగీ లేదు. మరుగుదొడ్డి కంపు లేదు. కుళాయి ఎండిపోలేదు. బెంచీ నిండా కాళ్లు చాపుకుని గురక పెట్టే పెద్దమనిషి లేడు. ఫిర్యాదుల పుస్తకంలో ఒక్క ఫిర్యాదు లేదు. పుస్తకమే లేదు మరి! ‘దయచేసి వినండి, బండి నిరవధిక ఆలస్యముగా నడుచుచున్నది’ అని చెప్పే ఆ అమ్మాయి గొంతూ లేదు.

ప్రయాణికులు మాత్రం ఉన్నారు. బస్టాండులో ఉన్నారు. రేవులో ఉన్నారు. ఆస్పత్రి గుమ్మంలో హెలికాప్టర్ కోసం ఆకాశం చూస్తూ ఉన్నారు.

దిగ్లీపూర్ ఎక్కడుందో తెలియనివాళ్లకు ఒక మాట. అండమాన్‌కు ఉత్తరం కొస. ఈ ద్వీపాల్లోకెల్లా ఎత్తయిన శాడిల్ పీక్, 732 మీటర్లు, అక్కడే. కాల్‌పాంగ్ నది అక్కడే. వరి పండుతుంది, కమలాలు కాస్తాయి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులను ఓడల్లో తెచ్చి ఈ అడవిలో దించారు. వాళ్లు చెట్టు కొట్టి, చెమటోడ్చి పొలం చేసుకున్నారు. రాజధానికి పోవాలంటే బస్సులో పద్నాలుగు గంటలు, ఓడలో దాదాపు ఇరవై నాలుగు గంటలు. 2017లో పత్రికలు రాసిన లెక్క ఇది.

ఈ కష్టం చూసి ఢిల్లీ గుండె కరిగింది. గుండె కరిగినప్పుడు ఢిల్లీ ఏం చేస్తుంది? ఇంకో బస్సు వేస్తుందా? ఇంకో ఓడ పంపుతుందా? ఛ, అంత చిన్న పనులు పెద్దవాళ్లు చేస్తారా? సర్వే చేయిస్తుంది.

చేయించింది. 2017 ఫిబ్రవరిలో వార్త గుప్పుమంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి దిగ్లీపూర్‌కు బ్రాడ్‌గేజ్ రైలు! 240 కిలోమీటర్లు! తీరం వెంట స్టేషన్లు, వంతెనలు! ఖర్చు 2,413.68 కోట్ల రూపాయలు. ఆ చివరి 68 లక్షలు చూశారా? అదీ నిజాయితీ అంటే. రైలు వస్తుందో రాదో ఎవడికీ తెలియదు గానీ, చిల్లర దగ్గర మాత్రం తేడా రాకూడదు.

రాబడి? మైనస్ 9.64 శాతం. తప్పు చదవలేదు మీరు. మైనస్సే. పెట్టిన డబ్బు తిరిగిరాదు సరికదా, ఏటేటా ఇంకొంత మింగుతుందని రైల్వే తన చేత్తో తానే రాసుకుంది. అయినా ముందుకు పోతామంది. ఎందుకట? ప్రాంతం ‘విశిష్టత’, ‘వ్యూహాత్మక ప్రాముఖ్యం’. ఈ రెండు మాటలు చాలు, ఏ లెక్కనైనా నోరు మూయించడానికి. వ్యూహాత్మకం అన్నాక ఇక అడిగేదేముంది? అడిగితే దేశద్రోహి.

అడుగుదాం. కిలోమీటరుకు ఎంత పడింది? 2,413 కోట్లు, 240 కిలోమీటర్లు. పది కోట్లు. కిలోమీటరు రైలుమార్గం పది కోట్లకే! అదీ ఎక్కడ? చిక్కటి వర్షారణ్యంలో, సముద్రపు పాయలు దాటుకుంటూ, ఏటా మూడు మీటర్ల వాన పడేచోట, సిమెంటు దగ్గర్నుంచి మేకు దాకా ఓడ మీద తెచ్చుకోవాల్సిన చోట. మిజోరంలో బైరాబీ నుంచి సాయిరాంగ్‌కు పట్టాలు వేశారు. 51 కిలోమీటర్ల చిల్లర. 48 సొరంగాలు. అయిన ఖర్చు ఎనిమిది వేల కోట్లు దాటింది. అంటే కిలోమీటరుకు నూటయాభై కోట్ల పైమాటే. ఆ లెక్కన దిగ్లీపూర్ రైలుకు ముప్పై ఏడు వేల కోట్లు కావాలి. అండమాన్‌లో కొండలు మెత్తన, సముద్రం పలచన అనుకున్నారా? లేక ఎలాగూ వేసేది లేదు కదా, ఎంత రాస్తే ఏం పోయిందనుకున్నారా?

నా అనుమానం రెండోదే.

నేల సంగతి అడగనే వద్దు. దేశం మొత్తంలో భూకంపాల ముప్పు అత్యధికంగా ఉన్న జోన్‌లో ఉన్నాయి ఈ ద్వీపాలు. 2004 డిసెంబరు 26 పొద్దున్నే నేల కదిలింది. దక్షిణాన పోర్ట్‌బ్లెయిర్ దగ్గర భూమి కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కి, మళ్లీ దిగలేదు. ఉత్తరాన భూమి పైకి లేచింది. పగడపు దిబ్బలు నీళ్లమీదికి తేలి ఎండిపోయాయి. అంటే ప్రతిపాదిత మార్గంలో ఒక కొస కిందికి, ఇంకో కొస పైకి. సర్వేలో ఈ ముక్కకు ఎంత కేటాయించారో! బహుశా ఆ 68 లక్షలు దీనికే.

ఇంకా మజా ముందుంది. నష్టం వస్తుందంటే అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ జగదీశ్ ముఖి గారు రైల్వేకు ఉత్తరం రాశారట. ఏమని? నడిపితే వచ్చే నష్టంలో సగం మేం భరిస్తామని. ఆహా, ఎంత పెద్ద మనసు! మేం అంటే ఎవరు? అండమాన్‌కు శాసనసభ లేదు. ముఖ్యమంత్రి లేడు. ఉన్నది ఒక్క లోక్‌సభ సభ్యుడు. ఖజానా నిండేది కేంద్రం ఇచ్చే డబ్బుతోనే. కేంద్రం రైలుకు వచ్చే నష్టంలో సగం కేంద్రం ఇచ్చిన సొమ్ముతోనే కేంద్రం పంపిన గవర్నరుగారు కేంద్రానికే కడతారు. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టుకోవడాన్ని త్యాగం అంటారని ఈ ఉత్తరం చూశాకే తెలిసింది. రైలొస్తే పర్యాటకులు ఏటా నాలుగున్నర లక్షల నుంచి ఆరు లక్షలకు పెరుగుతారని కూడా ఆశపెట్టారు. దిగ్లీపూర్ రైతు కోసుకున్న వేలికి కట్టు కట్టించుకోవడానికి ఎన్ని గంటల్లో డాక్టరు దగ్గరికి చేరతాడో మాత్రం ఆ లెక్కల్లో కనపడలేదు. లెక్కల్లోకి ఎక్కేది వచ్చేవాడే గానీ, ఉన్నవాడు కాదు కదా.

ఆ ఏడాది సెప్టెంబరులో ఏమైందో చూడండి. రైల్వే మంత్రి సురేశ్ ప్రభు గారు వాణిజ్య శాఖకు మారిపోయారు. అదే నెల చివర ముఖి గారిని అస్సాం గవర్నరుగా ప్రకటించారు. రైలు కదలకముందే ఇద్దరూ కదిలారు. ఇన్నేళ్లయింది. పట్టా ఒక్క అడుగు పడలేదు.

సురేశ్ ప్రభు గారు అప్పుడు ఏ రాష్ట్రం నుంచి రాజ్యసభ సభ్యుడో గుర్తుందా? మన ఆంధ్రప్రదేశ్ నుంచే. 2016లో మనవాళ్లే గెలిపించి పంపారు. రైల్వే మంత్రే మన మనిషైపోయాడు, ఇక విశాఖ రైల్వే జోన్ కూత పెట్టడమే తరువాయి అని చంకలు గుద్దుకున్నాం. 2014 రాష్ట్ర విభజన చట్టంలో జోన్ సంగతి ‘పరిశీలించాలి’ అని రాశారు. పరిశీలించారు. అయిదేళ్లు పరిశీలించారు. 2019 ఫిబ్రవరిలో, ఎన్నికల ముందు, దక్షిణ కోస్తా రైల్వే అని ప్రకటించారు. 2025 జనవరి 8న దాని కార్యాలయానికి శంకుస్థాపన చేశారు. పదకొండేళ్లకు పునాదిరాయి. అది నేలమీది ఊరు. లక్షలమంది ఓటర్లు. రోడ్లమీద ధర్నాలు చేసే నాయకులు. అంత ఉన్న విశాఖకే ఇంత ముచ్చట జరిగితే, ఒక్క ఎంపీ ఉన్న ద్వీపాల ఉత్తరపు కొసకు బ్రాడ్‌గేజ్ వస్తుందని నమ్మమన్నారా? మన చెవుల్లో పువ్వులు అంత బాగా పూస్తున్నాయా?

కోనసీమవాళ్లను అడగండి, ఇంకా వివరంగా చెబుతారు. కాకినాడ నుంచి కోటిపల్లికి తెల్లదొరల కాలంలోనే రైలుండేది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. యుద్ధం అయిపోయింది. దొరలూ పోయారు. పట్టాలు తిరిగి రావడానికి 2004 దాకా పట్టింది. కోటిపల్లి నుంచి నరసాపురానికి పొడిగింపు 2000–01లో మంజూరైంది. 57 కిలోమీటర్లు. గోదావరి పాయల్లో స్తంభాలు లేచాయి. ప్రతి ఎన్నికకూ ఎవరో ఒకరు వచ్చి ఆ స్తంభాల ముందు నిలబడి ఫొటో దిగారు. మంజూరైనప్పుడు పుట్టిన పిల్లకు పెళ్లీడు వచ్చింది. అమలాపురానికి కూత వినిపించలేదు.

దీనికి జవాబు లేదంటారా? ఒక జవాబు మన ఉత్తరాంధ్రలోనే ఉంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు. 1898లో పర్లాకిమిడి రాజావారు అనుకున్నారు. సొంత డబ్బు, దాదాపు ఏడు లక్షలు పెట్టారు. 1900 ఏప్రిల్ 1న బండి కదిలింది. నలభై కిలోమీటర్లు, రెండేళ్లు! మొదట్లో నష్టాలే వచ్చాయి. రాజావారు తన జేబులోంచే కట్టుకున్నారు. జమీందారీల మీద నాకేమీ మోజు లేదు. రైతుల గోళ్లూడగొట్టి పన్ను పిండిన సంస్థానాలే అవి. కానీ టెక్కలి, పాతపట్నం రైతు ఆ బుల్లిబండి ఎక్కాడు, సంతకు పోయాడు, తిరిగొచ్చాడు. మరి ఉపగ్రహాలు, డ్రోన్లు, కంప్యూటర్లు అన్నీ ఉన్న ప్రజాస్వామ్యం ఇన్నేళ్లలో దిగ్లీపూర్‌లో ఏం చేసింది? శిలాఫలకమైనా వేయలేదు. అదొక్కటే కాస్త ఊరట.

ఇక్కడ నవ్వు ఆపాలి. ఎందుకంటే ఈ రైలు రాకపోవడమే మంచిదైంది. ఆ మాట చెప్పకుండా ఈ వెక్కిరింత అంతా ఒట్టి మోసం.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఉత్తరానికి పోయే దారిలో జరవా ఆదివాసుల అడవి ఉంది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైన. వాళ్లు కొన్ని వందలమంది. ఆ అడవిని చీల్చుకుంటూ అండమాన్ ట్రంక్ రోడ్డు వేశారు. జిర్కాటాంగ్ దగ్గర గేటు. నిర్ణీత వేళలకు వాహనాలన్నిటినీ వరసగా నిలబెట్టి, ముందూ వెనకా పోలీసులతో గుంపుగా వదులుతారు. ఆపకూడదు, దిగకూడదు, ఫొటో తీయకూడదు. రైలు లేకుండానే గేటు పడే ఊరు ప్రపంచంలో ఇదొక్కటే అనుకుంటా.

2002 మే 7న సుప్రీంకోర్టు ఏమంది? జరవాల ప్రాంతంలో ఈ రోడ్డును మూసేయమంది. మూశారా? మూస్తే మనం మనమెలా అవుతాం? తీర్పు ఫైలులో ఉంది, బస్సు రోడ్డుమీద ఉంది. పదేళ్లు గడిచాయి. 2012 జనవరిలో ఒక వీడియో ప్రపంచమంతా చూసింది. తిండి ఎరచూపి జరవా ఆడవాళ్ల చేత నాట్యం చేయించారు. దేశం సిగ్గుతో తల దించుకుంది. ఎంతసేపు? తర్వాతి గుంపు బయల్దేరేదాకా.

ఆ రోడ్డు పక్కనో, ఇంకాస్త లోపలినుంచో బ్రాడ్‌గేజ్ వేయాలనుకున్న మహానుభావులు జరవాలను ఒక్క మాట అడిగారా? ‘అయ్యా, మీ పందుల వేట దారిలో స్లీపర్ కోచ్‌లు నడుపుతాం, అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లోగా మూడు ప్రతుల్లో తెలియజేయండి’ అని నోటీసు అంటించారా? పంతొమ్మిదో శతాబ్దంలో వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీ ఆదివాసులు ఇవాళ ఏ యాభైమందో మిగిలారు. వాళ్లకు ఏ రైలూ రాలేదు. మనుషులు వచ్చారు, జబ్బులు వచ్చాయి, సారా వచ్చింది. అదే సరిపోయింది.

అన్యాయం ఎక్కడ మొదలైందో చూస్తారా? పోర్ట్‌బ్లెయిర్‌లోని చాథం రంపపు మిల్లుకు వెళ్లండి. 1883లో పెట్టారు. దుంగలను అడవినుంచి లాగడానికి ఏనుగులు, ట్రామ్ పట్టాలు. అవును, అండమాన్‌లో పట్టాలు ఉండేవి! చెట్టు ఎక్కడానికి. మనిషి ఎక్కడానికి కాదు. ఇక్కడి గర్జన్ కలప స్లీపర్లై ప్రధాన భూభాగపు రైలు కింద పడుకుంది. మన ఊరి స్టేషన్లో దడదడలాడుతూ పోయిన ఏ మెయిలు కింద ఏ ద్వీపపు చెట్టు నలిగిందో ఎవరు చెప్పగలరు? రైలుకు దూలాలిచ్చిన నేలకు రైలు నుంచి దక్కిందేమిటి? ఒక సర్వే రిపోర్టు.

తప్పు, ఇంకోటి కూడా దక్కింది. పోర్ట్‌బ్లెయిర్‌లో రైలు రిజర్వేషన్ కౌంటర్ ఉంది. నవ్వకండి, నిజం. పట్టా లేదు, కూత లేదు, కౌంటర్ ఉంది. బెర్తు కింద కావాలా, పైన కావాలా అని అడుగుతారు. ఎక్కాల్సిన స్టేషన్ మాత్రం దాదాపు పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం అవతల. ఓడ ఒక రోజు ఆలస్యమైతే ఆ టికెట్ బంగాళాఖాతంలో కలిసినట్టే. సముద్రం చేసిన ఆలస్యానికి రైల్వే పూచీ పడదు. ఓడవాళ్లు రైలుకు పూచీ పడరు. ఇద్దరిదీ ఒకటే సర్కారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదంటే కళ్లు పోతాయి. చేసింది. 2018 డిసెంబరులో రాస్ ఐలాండ్, నీల్, హేవ్‌లాక్ పేర్లు మార్చింది. 2023 జనవరిలో ఇరవై ఒక్క దీవులకు పరమవీరచక్ర వీరుల పేర్లు పెట్టింది. 2024 సెప్టెంబరు 13న పోర్ట్‌బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేసింది. పేరు మార్చడానికి సిమెంటు అక్కర్లేదు, కంకర అక్కర్లేదు, పర్యావరణ అనుమతి అక్కర్లేదు. పలక మీద రంగు డబ్బా చాలు. ఆ వీరులు చూస్తే ఏమనుకునేవారో! మా పేరు పెట్టిన దీవికి పడవ ఎప్పుడుందని ముందు అడిగి ఉండేవారు. సరిగ్గా ఏడాది తర్వాత, 2025 సెప్టెంబరు 13నే, మిజోరం రాజధానికి రైలొచ్చింది. ఒకే తేదీ. ఒకరికి పట్టాలు, ఇంకొకరికి పలక.

విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ కట్టారు కదా అంటారు. కట్టారు. శంఖం ఆకారంలో, 710 కోట్లతో. 2023 జులై 18న ప్రారంభించారు. వారం తిరక్కుండానే బయటి వైపు పైకప్పు పలకలు ఊడి వేలాడాయి. ఏమిటిదని అడిగితే విమానయాన మంత్రిగారి జవాబు: సీసీ కెమెరాల పని కోసం ఆ పలకలను మేమే వదులు చేశాం, పైగా గాలి గట్టిగా వీచింది. ఎంత చక్కటి జవాబు! సముద్రం మధ్యలో గాలి వీస్తుందని ఎవరు మాత్రం ఊహించగలరు?

న్యాయంగా చెప్పాలంటే ఒక పని నిజంగానే జరిగింది. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు. 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఇంటర్నెట్ వచ్చింది. చెప్పిన పని చేస్తే ఎలా ఉంటుందో జనానికి ఒక్కసారి రుచి చూపించారు. ఇప్పుడు దిగ్లీపూర్ కుర్రాడు తన ఊరికి రాని రైలు వార్తను ఫోన్‌లో వేగంగా చదువుకోవచ్చు.

డబ్బు లేక రైలు ఆగిందనుకుంటున్నారేమో, ఆ భ్రమ వద్దు. ఇదే ద్వీపాల దక్షిణపు కొసన, గ్రేట్ నికోబార్‌లో, 72 వేల కోట్ల ప్రాజెక్టు. గలతియా అఖాతంలో పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం, విద్యుత్ కేంద్రం. 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. ఎన్ని చెట్లు? 2023లో పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది: 9.64 లక్షలు. ఈ అంకె ఎక్కడో విన్నట్టుందా? రైలు రాబడి మైనస్ 9.64. చెట్లు 9.64 లక్షలు. అండమాన్‌కు ఢిల్లీ రాసిపెట్టిన జాతక సంఖ్య కాబోలు. రైల్లో అయితే ఆ అంకె ప్రభుత్వానికి నష్టం. అడవిలో అయితే అడవికి నష్టం. అందుకే మొదటిది ఆగింది, రెండోది సాగుతోంది.

నరికిన అడవికి బదులు అడవి పెంచుతారట. ఎక్కడ? హర్యానాలో. చదివి మళ్లీ చదవండి. భూమధ్యరేఖకు దగ్గర్లోని వర్షారణ్యానికి బదులు ఢిల్లీ పక్కన మొక్కలు. గలతియా ఒడ్డున గుడ్లు పెట్టే తోలువీపు తాబేలు ఏం చేయాలి? రోహ్‌తక్ వెళ్లాలా? వెళ్దామన్నా రైలు లేదాయె!

ఇంతకూ ఇందులో మనకేం పని? అండమాన్ ఎక్కడో, మనమెక్కడో అంటారా? 2011 జనాభా లెక్కల్లో అక్కడి మూడు లక్షల ఎనభై వేలమందిలో నూటికి పదమూడుమంది మాతృభాష తెలుగు. యాభైవేలమంది అనుకోండి, మనవాళ్లు. ఒకప్పుడు బేడీలు వేసి తీసుకెళ్లారు. అల్లూరి వెంట నడిచిన మన్యం వీరుల్లో కొందరు అక్కడి జైల్లో మగ్గారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరం వెంకటాచార్యులుగారు సెల్యులర్ జైలు చూశారు. తర్వాత కడుపు చేతపట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెలనుంచి జనం వెళ్లారు. వల వేశారు, రాయి కొట్టారు, ఇల్లు కట్టారు. జంగ్లీఘాట్ వీధుల్లో నడిస్తే బారువ, భావనపాడు రేవుల యాస వినిపిస్తుంది.

వాళ్లకో పండుగ వస్తుంది. ఊళ్లో గ్రామదేవత సంబరం. లేదా తల్లికి బాగోలేదని కబురు. ఎలా రావాలి? విమానం ఉంది. సెలవుల్లో దాని ధర చూస్తే తల్లికి బాగోలేదన్న కబురు కన్నా ముందు కొడుకు గుండె ఆగుతుంది. ఓడ ఉంది. విశాఖకు నెలకొకటి దొరికితే గొప్ప. అదీ ఏ తేదీకో చివరిదాకా తేలదు. టికెట్ కోసం క్యూలో తెల్లారగట్ల నిలబడాలి. చెన్నై ఓడో, కోల్‌కతా ఓడో పట్టుకుంటే అటు తిరిగి ఇటు రైలెక్కాలి. చివరికి శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న స్టేషన్లో దిగాలి. ఆ స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. జిల్లా కేంద్రానికే స్టేషన్ ఇవ్వని రైల్వే దిగ్లీపూర్‌కు ఇస్తానంటే ఆ తల్లి మాత్రం నమ్మి ఉంటుందా?

రైలు కలలు కనడం ఏలినవాళ్లకు చవక. ఓడ నడపడం ఖరీదు. రైలుకు సర్వే చాలు, వార్త వస్తుంది, దండ పడుతుంది. ఓడకు డీజిల్ కావాలి, మరమ్మతు కావాలి, సిబ్బంది కావాలి, చెప్పిన రోజున కదలాలి. చెప్పిన రోజున కదలడం అనేది మన ప్రభుత్వాలకు ఉన్న పెద్ద జబ్బుకు మందు. చేదు. అందుకే తాగరు. పాత ఓడలు ముసలివై పక్కకు తప్పుకున్నాయి. హర్షవర్ధన ఓడ బంక్ క్లాసులో వాంతులు చేసుకుంటూ వెళ్లిన తరం ఉత్తరాంధ్రలో ఇంకా ఉంది. ఆ ఓడ ఏమైందో వాళ్లకు తెలుసు. దాని చోటుకు వచ్చిన ఓడ విశాఖకు ఎన్నిసార్లు వస్తుందో కూడా తెలుసు. వాళ్లను అడగడానికే ఎవరూ వెళ్లరు.

ఉత్తరాంధ్ర ఎంపీలూ, ఇది మీకే. ఎన్నికలప్పుడు ద్వీపాల్లోని మనవాళ్లకు ఫోన్లు చేసి ‘ఊరికొచ్చి ఓటెయ్యండి’ అంటారు కదా. ఏమెక్కి రమ్మంటారు? ఆ ఒక్క ప్రశ్న పార్లమెంటులో ఓడల శాఖను అడగండి. దిగ్లీపూర్ రైలు పేరుతో ఇంకో సర్వే వద్దు. జరవాల అడవిలో ఇంకో గీత వద్దు. కావలసింది ఒక కాగితం. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ ఏ నెలలో ఏ తేదీన బయల్దేరుతుందో ఏడాది మొత్తానికీ ఒకేసారి అచ్చువేయించి, జంగ్లీఘాట్‌లో ఒకటి, విశాఖ రేవులో ఒకటి అంటించండి. అందులో రాసిన రోజున ఓడ కదిలించండి.